కారు దారికి ఏది వేయించాలి: కాంక్రీటా, పేవర్సా, తారా, కంకరా?

గేటు నుంచి పార్కింగ్ దాకా ఏం వేయిస్తే బాగుంటుందని ఎవరినైనా అడగండి, వాళ్లింట్లో వేయించిందే చెప్తారు. కాంక్రీటు వేయించినవాళ్లు దానంత గట్టిది లేదంటారు, పేవర్స్, అంటే పక్కపక్కన పేర్చే సిమెంటు బ్లాకులు, వేయించినవాళ్లు అందం చూడమంటారు, మేస్త్రీని అడిగితే తన చేతికి అలవాటైన పనే చెప్తాడు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, కాకపోతే మీ నేల ఏంటో, మీ స్థలం ఎటు వాలి ఉందో, వాన నీళ్లు ఎటు పోవాలో వాళ్లకి తెలియదు. నేనైతే ప్రశ్ననే తిరగేసి అడుగుతాను. ఏది ఎక్కువ కాలం ఉంటుంది అని కాదు, ఇది చెడిపోతే ఎలా చెడిపోతుంది, అప్పుడు దాన్ని బాగు చేయించడం నా వల్ల అవుతుందా అని. ఎందుకంటే అన్నీ చెడిపోతాయి: కాంక్రీటు పగులుతుంది, పేవర్స్ కుంగుతాయి, తారు ఎండకి మెత్తబడుతుంది, కంకర చెదురుతుంది. వీటిలో ఏ తలనొప్పిని మీరు భరించగలరో తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

మిగతా సగం పైన కనిపించేదాంట్లో లేదు, కింద ఉంది.

కింద ఏముందో ముందు చూడండి

కారు బరువుని మోసేది నిజానికి పేవర్ బ్లాకూ కాదు, తారూ కాదు. పై పొర ఆ బరువుని కాస్త పరిచి కిందకి పంపుతుంది, దాన్ని అందుకునేది కంకర బేస్, చివరికి మోసేది నేల. అందుకే కుంగిపోయిన దారిని తవ్వి చూస్తే చాలాసార్లు పై సరుకులో తప్పేం ఉండదు, కింద మెత్తటి మట్టి మీద నాలుగు బుట్టలు ఇసుక పోసి పని కానిచ్చేసి ఉంటారు.

గట్టి మొరం నేల అయితే అదృష్టం, 10 నుంచి 15 సెంటీమీటర్ల కంకర బేస్‌తో కార్లకి సరిపోతుంది. బంకమట్టి అయితే 20 లేదా అంతకంటే ఎక్కువ వేయాలి, మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే ఇంకా మంచిది. ఆ గుడ్డ లేకపోతే వానాకాలంలో కింది బురద పైకి, పైని కంకర కిందికి మెల్లగా కలిసిపోయి కొన్నేళ్లకి బేస్ అనేదే మిగలదు. నల్లరేగడి గురించి విడిగా చెప్పాలి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది, ఏడాదికోసారి పైనున్న దాన్ని లేపి దింపుతూ ఉంటుంది. అలాంటి నేల మీద పలచటి కాంక్రీటు పలక వేస్తే అది పగలడం ఖాయం. వీలైనంత లోతు ఆ మట్టిని తీసేసి మొరంతో నింపించండి, లేదా కదిలినా విరగని పై పొర, అంటే పేవర్సో కంకరో ఎంచుకోండి.

పూడికమట్టి, అంటే ఇల్లు కట్టేటప్పుడు పునాది గోతుల చుట్టూ పోసిన మట్టి, ఇంకో సమస్య. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, రెండు వానలు పడ్డాక దిగుతుంది. గోడ పక్కన పేవర్స్ ఒక వరస మొత్తం పల్లంగా కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

కంకర ఒకేసారి పోసి పైన రోలర్ తిప్పితే పని అయినట్టు కాదు. 10 సెంటీమీటర్లకి మించని పొరలుగా పోసి, కాస్త తడిపి, ఒక్కో పొరనీ ప్లేట్ కంపాక్టర్‌తో దిమ్మిస కొట్టినట్టు గట్టిపరచాలి. ఒకే సైజు కంకర కాకుండా పెద్దవీ చిన్నవీ డస్టూ (రాతిపొడి) కలిసి ఉంటే సందులు నిండి బిగుసుకుంటుంది. ఈ పని జరిగే రోజున మాత్రం మీరు అక్కడ ఉండండి. పేవర్స్ పరిచే రోజున లేకపోయినా ఫర్వాలేదు.

తవ్వకం ఎంత ఉంటుందో కూడా ముందే లెక్కేసుకోండి, దీన్ని చాలామంది మర్చిపోతారు. 6 సెంటీమీటర్ల పేవర్ బ్లాక్, 3 సెంటీమీటర్ల ఇసుక, 15 సెంటీమీటర్ల బేస్ కలిపితే 24 సెంటీమీటర్లు. 3 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న దారికి దాదాపు 9 క్యూబిక్ మీటర్ల మట్టి బయటికొస్తుంది, తవ్వాక అది ఇంకా ఉబ్బుతుంది కూడా. దాన్ని ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ పోస్తారు అన్నది కొటేషన్‌లో లేకపోతే చివర్లో మీ నెత్తిన పడుతుంది.

వాటం, వెడల్పు

అదే 36 చదరపు మీటర్ల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల నీళ్లు. అవి ఎటు పోవాలో మీరు చెప్పకపోతే వాటి దారి అవే చూసుకుంటాయి, అది ఇంటి గోడ వైపైతే గోడలకి చెమ్మ పడుతుంది. అందుకని వాటం ఎప్పుడూ ఇంటికి దూరంగా ఉండాలి, 50కి 1 కనీసం, పేవర్స్‌కి 40కి 1 అయితే మంచిది. 3 మీటర్ల వెడల్పుకి 6 నుంచి 7.5 సెంటీమీటర్ల తేడా అన్నమాట, కంటికి పెద్దగా తెలియదు, నీళ్లకి మాత్రం బాగా తెలుస్తుంది. పూర్తయిన దారి ఇంటి లోపలి ఫ్లోర్ కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి. స్థలం ఇంటి వైపే వాలి ఉండి వేరే గతి లేకపోతే గ్యారేజ్ ముందు అడ్డంగా జాలీ మూత ఉన్న కాలువ పెట్టించండి, దాన్ని కలపడానికి పైపు ఉందో లేదో ముందు చూసుకుని.

ర్యాంప్ 10కి 1 దాకా హాయిగా ఉంటుంది. 7కి 1 దాటితే తడిలో టైర్లు జారడం, మొదట్లోనో చివర్లోనో కారు కింది భాగం గీసుకోవడం మొదలవుతాయి. వాలు మొదలయ్యే చోటా ముగిసే చోటా మధ్యలో ఉన్న వాలులో సగం మాత్రమే ఉండేలా ఓ రెండు మీటర్లు కలుపుకుంటే ఆ గీసుకోవడం చాలావరకు తప్పుతుంది. ఇంకో చిన్న సంగతి, గేటు లోపలికి తెరుచుకునేదై, దారి లోపలికి ఎత్తుగా వెళ్తుంటే గేటు తలుపు నేలకి తగులుతుంది. గేటు చేయించే ముందే ఇది చూసుకోవాలి, లేదంటే స్లైడింగ్ గేటే దిక్కు.

వెడల్పు ఒక కారుకి 3 మీటర్లు. రెండు పక్కలా గోడలుంటే తలుపు తీసి దిగడానికి 3.3 నుంచి 3.6 కావాలి. రెండు కార్లు పక్కపక్కన నిలపాలంటే 5 నుంచి 5.5. కాగితం మీద గీసిన గీతల్ని నమ్మకండి, ఖాళీ స్థలంలో ముగ్గుతో గీసి మీ కారునే లోపలికి తెచ్చి చూడండి, మలుపు ఉంటే మరీ ముఖ్యం.

పేవర్స్

మామూలు ఇంటికి, మధ్యస్తంగా ఉండే స్థలానికి, నా ఓటు దీనికే. కారణం అందం కాదు, పైకి తీసి మళ్లీ పరచగలగడం. రేపు నీళ్ల పైపు పగిలినా, గేటు దగ్గరికి కరెంటు వైరు లాగాల్సి వచ్చినా బ్లాకులు తీసి, పని చేసుకుని, అవే బ్లాకులు పెట్టేయొచ్చు, మచ్చ కూడా కనపడదు. ఒక చోట కుంగితే ఆ ఒక్క చోటే విప్పి బేస్ సరిచేసి పరుస్తారు. కాంక్రీటుకి ఈ సౌకర్యం లేదు.

కార్లకి 60 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, సామాన్ల లారీయో వాటర్ ట్యాంకరో తరచూ లోపలికి వస్తుందంటే 80 తీసుకోండి. పేర్చే తీరులో హెరింగ్‌బోన్, అంటే బ్లాకులు ఒకదానికొకటి అడ్డంగా కొరుక్కున్నట్టు ఉండేది, బ్రేకు వేసినా స్టీరింగ్ తిప్పినా కదలదు. వరసలు వరసలుగా పేర్చింది నడక దారికి బాగుంటుంది, కారు దారిలో మెల్లగా జరుగుతుంది. రెండు అంచులా కాంక్రీటులో బిగించిన కెర్బ్ రాళ్లు లేకపోతే ఎంత ఖరీదైన బ్లాకులైనా బయటికి జరిగి సందులు తెరుచుకుంటాయి. అంచు లేని పేవర్స్ పని అసలు ఒప్పుకోకండి.

కింద ఇసుక పొర 3 సెంటీమీటర్లు, అంతే. బేస్‌లో ఉన్న ఎగుడుదిగుళ్లని ఇసుకతో సరిచేస్తాం అని పనివాళ్లు అంటే అక్కడే ఆపండి, ఎక్కువ ఇసుక ఉన్న చోట తర్వాత గుంట పడుతుంది. ఇంకో అడ్డదారి కూడా చూస్తుంటాను, సందుల్లో సన్న ఇసుక బదులు సిమెంటు పాలు పోయడం. గట్టిగా ఉంటుందంటారు గానీ, అలా పోస్తే బ్లాకులు విడివిడిగా సర్దుకునే గుణం పోయి పలకలా పగులుతాయి, పైగా ఎప్పుడైనా విప్పాల్సి వస్తే పగలగొట్టాల్సిందే, అంటే దేనికోసం పేవర్స్ ఎంచుకున్నారో అదే పోయింది. సందుల్లో పొడి సన్న ఇసుక ఊడ్చి, కంపాక్టర్ తిప్పి, మళ్లీ ఊడ్చాలి. కొన్ని వారాలకి ఇసుక దిగుతుంది, ఇంకోసారి నింపాలి.

సందుల్లో గడ్డి వస్తుందా అంటే వస్తుంది. కింద నుంచి కాదు, గాలికి వచ్చిన విత్తనాలు పైన చేరిన దుమ్ములో మొలుస్తాయి, కాబట్టి కింద ప్లాస్టిక్ కవర్ పరిచి లాభం లేదు, ఊడుస్తూ ఉండటమే మందు. ప్రెషర్ వాషర్‌ని దగ్గరగా పెట్టి కొడితే సందులో ఇసుక అంతా లేచిపోతుంది, అది గుర్తుంచుకోండి. కొత్త బ్లాకుల మీద తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే కంగారు పడొద్దు, వానలకి మెల్లగా పోతుంది. రంగు బ్లాకులైతే ఒకే లోడు నుంచి వరసగా కాకుండా రెండు మూడు కట్టల నుంచి కలిపి పరిస్తే రంగు తేడా తెలియదు. ఓ 30, 40 బ్లాకులు పక్కన దాచుకోండి, అదే డిజైన్ తర్వాత దొరక్కపోవచ్చు.

కాంక్రీటు

వాలు బాగా ఎక్కువగా ఉంటే, బరువైన బండ్లు వస్తుంటే, ఊడ్చడం తప్ప ఇంకేం చేయను అనే మనిషైతే కాంక్రీటు మంచిదే. కార్లకి 10 నుంచి 12.5 సెంటీమీటర్ల మందం, ఎం25 అనే బలం గ్రేడు మిశ్రమం. మన 36 చదరపు మీటర్లకి 12.5 సెంటీమీటర్ల లెక్కన 4.5 క్యూబిక్ మీటర్లు పడుతుంది.

కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది, కాబట్టి పగులుతుంది. దీన్ని ఆపలేం, ఎక్కడ పగలాలో మాత్రం మనం చెప్పొచ్చు. జాయింట్లు పెట్టేది అందుకే. పలక మందానికి 24 నుంచి 30 రెట్ల దూరంలో, అంటే 12.5 సెంటీమీటర్లకి ఇంచుమించు ప్రతి 3 మీటర్లకీ ఒక కోత, లోతు మందంలో నాలుగో వంతు. పోసిన మర్నాటి లోపే, ఎండాకాలమైతే అదే రోజు, అంచులు రాలనంత గట్టిపడగానే కట్టర్‌తో కోయించాలి. వారం తర్వాత వచ్చి కోస్తామంటే అప్పటికి పలక తనకి నచ్చిన చోట పగిలి ఉంటుంది. గడులు చతురస్రానికి దగ్గరగా ఉండాలి, సన్నగా పొడుగ్గా ఉంటే మధ్యలో విరుగుతాయి. ఇంటి గోడకీ పిల్లర్లకీ తగిలే చోట ఒక సెంటీమీటరు థర్మాకోల్ పట్టీ పెట్టి విడదీయాలి.

ఇనుప జాలీ పగుళ్లని ఆపదు, పగిలినా ముక్కలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది, అదీ పలకలో పైసగంలో ఉంటేనే. నేల మీద పరిచేసి పైన కాంక్రీటు పోస్తే ఆ ఇనుము ఖర్చు దండగ, కవర్ బ్లాకుల (చిన్న సిమెంటు దిమ్మల) మీద నిలబెట్టించండి. మిశ్రమంలో నీళ్లు ఎక్కువ పోస్తే పరచడం తేలిక, అందుకే పనివాళ్లకి ఆ ఆశ ఎప్పుడూ ఉంటుంది, కానీ ప్రతి అదనపు బకెట్టూ బలాన్ని తగ్గిస్తుంది. పైన పొడి సిమెంటు చల్లి నున్నగా చేయడం కూడా వద్దు, ఆ పొర పొలుసులుగా లేస్తుంది, వానలో జారుతుంది. చీపురు గీతల ఫినిష్, బండి నడిచే దిక్కుకి అడ్డంగా, అన్నిటికంటే పనికొచ్చేది. కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి, పొజొలానా సిమెంటైతే (బస్తా మీద పీపీసీ అని ఉండేది) 10 రోజులు పైనే. అప్పటిదాకా కారు బయటే. బరువైన లారీ 28 రోజుల తర్వాత.

ఇక దీని లోపం: ఒకసారి పగిలిందంటే, రంగు మరక పడిందంటే, పైపు కోసం తవ్వారంటే, అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది. డిజైన్ అచ్చు వేసిన స్టాంప్డ్ కాంక్రీటుకి ఈ బాధ రెట్టింపు, అదే రంగు అదే అచ్చు మళ్లీ కుదరదు. ఫొటోల్లో చాలా బాగుంటుంది.

తారు

పొడవైన దారికి, ఫామ్‌హౌస్ గేటు నుంచి ఇంటిదాకా వంద మీటర్లు ఉందనుకోండి, అప్పుడు ఆలోచించదగ్గది. వేడిగా, దాదాపు 150 డిగ్రీల దగ్గర వచ్చే మిశ్రమం చల్లారేలోపు పరిచి రోలర్ తిప్పాలి. చిన్న ముక్కకి ఇంత సరంజామా తెచ్చేవాళ్లు దొరకరు, దొరికినా ఎక్కడో రోడ్డు పనిలో మిగిలిన సగం చల్లారిన సరుకు తెచ్చి పరుస్తారు, అది ఆర్నెల్లకి రాలుతుంది. ఒకటి రెండు రోజుల్లో బండి నడపొచ్చు, అది ప్లస్. మండే ఎండల్లో బైక్ స్టాండ్ దిగబడుతుంది, నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే మచ్చలు పడతాయి, పెట్రోలూ డీజిలూ కారితే తారు కరిగిపోతుంది. అంచుల్లో కెర్బ్ లేకపోతే బిస్కట్లా విరుగుతుంది. కొన్నేళ్లకోసారి పైన సీల్ కోట్ పూత వేయించే ఓపిక ఉండాలి. పట్టణంలో రెండు కార్ల పార్కింగ్‌కి నేనైతే దీని జోలికి పోను.

కంకర

తక్కువ ఖర్చు, నీళ్లు ఇంకుతాయి, మీ చేతులతో మీరే సరిచేసుకోవచ్చు. అయినా చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. గులకరాళ్లు కాకుండా కోణాలున్న 10 నుంచి 20 మిల్లీమీటర్ల క్రషర్ కంకర తీసుకోండి, గుండ్రటివి టైరు కింద దొర్లుతాయి. గట్టిపరచిన బేస్ మీద 4 నుంచి 5 సెంటీమీటర్లే చాలు, ఎక్కువ పోస్తే మేలనుకుంటారు గానీ టైర్లు దిగబడతాయి. తేనెపట్టు లాంటి ప్లాస్టిక్ గడులు పరిచి వాటిలో నింపితే చెదరడం చాలా తగ్గుతుంది. గేటు దగ్గర మొదటి రెండు మూడు మీటర్లు మాత్రం కాంక్రీటో పేవర్సో వేయండి, లేదంటే రాళ్లు రోడ్డు మీదకి పోతూనే ఉంటాయి.

వీల్‌చైర్ వాడేవాళ్లు, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కంకర వద్దు. వాలు మీద వద్దు. పెద్ద చెట్ల కింద కూడా ఆలోచించండి, రాళ్ల మధ్య ఎండుటాకులు ఏరడం ఎంత విసుగో చేస్తేనే తెలుస్తుంది.

రాయి, టైల్స్

నాపరాళ్లూ గ్రానైటూ బాగా మన్నుతాయి, పాలిష్ పట్టనివైతే. పాలిష్ గ్రానైట్ తడిస్తే మనిషీ జారతాడు, బండీ జారుతుంది, గరుకు ఫ్లేమ్డ్ ఫినిష్ అడగండి. పార్కింగ్ టైల్స్ కాంక్రీటు బేస్ మీద, కింద ఖాళీ లేకుండా అతికిస్తేనే నిలుస్తాయి. పరిచాక నాణెంతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చిన టైల్ కారు చక్రం కింద ముందుగా పగిలేది. ఇంట్లో వేయగా మిగిలిన ఫ్లోర్ టైల్స్ బయట వాడేద్దాం అనే ఆలోచన మానుకోండి.

పెద్దగా ఎవరూ అడగని రెండు దారులు

ఒకటి, చక్రాలు వెళ్లే చోట మాత్రమే రెండు పట్టీలు. ఒక్కోటి 60 నుంచి 75 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో గడ్డి. మీ కారు చక్రాల మధ్య దూరం టేపుతో కొలిచి పట్టీల దూరం పెట్టుకోండి, చాలా కార్లకి అది మీటరున్నర దగ్గర ఉంటుంది. కాంక్రీటు సగానికి సగం తగ్గుతుంది, నీళ్లు ఇంకుతాయి, ఎండలో సెగ కొట్టదు. నేరుగా వెళ్లే దారికి ఇది చక్కటి పని, మలుపు ఉంటే పట్టీ వెడల్పు పెంచాలి, లేదా ఆ మలుపంతా నింపేయాలి.

రెండోది, నీళ్లు ఇంకే పేవర్స్. సందులు వెడల్పుగా ఉండి ఇసుక బదులు సన్నటి రాతి చిప్స్‌తో నింపుతారు, కింద బేస్ డస్ట్ లేని కంకరతో వేస్తారు. రాళ్ల మధ్య మూడో వంతు ఖాళీ అనుకుంటే 36 చదరపు మీటర్ల కింద 30 సెంటీమీటర్ల పొర 3,600 లీటర్లు పట్టుకుంటుంది. బయట కాలువ లేని చోట ఇది బాగా పనికొస్తుంది. అయితే కింద నేల నీళ్లు పీల్చాలి, బంకమట్టి మీదా ఇంటి పునాదికి ఆనుకునీ ఇలా చేస్తే కష్టం కొనితెచ్చుకున్నట్టే. మామూలు పేవర్స్ బేస్ మీద ఈ బ్లాకులు పెట్టి నీళ్లు ఇంకుతాయి అని చెప్పేవాళ్లున్నారు, బేస్ ఏం వాడుతున్నారో అడిగితే తెలిసిపోతుంది.

మంచు గడ్డకట్టే చోట ఉన్నవాళ్లకి ఒక మాట: నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, కాబట్టి బేస్ ఇంకా లోతుగా వేయాలి, కాంక్రీటులో గాలి బుడగలు కలిపిన మిశ్రమం అడగాలి, కొత్త కాంక్రీటు మీద మొదటి చలికాలం ఉప్పు చల్లకూడదు.

కొటేషన్లు పోల్చేటప్పుడు

ఇద్దరు కాంట్రాక్టర్ల రేట్లలో బాగా తేడా ఉంటే ఆ తేడా మామూలుగా మట్టి కిందే దాగి ఉంటుంది. చదరపు అడుగుకి ఇంత అన్న ఒక్క అంకె చూసి పోల్చలేరు. ఎంత లోతు తవ్వుతారు, గట్టిపరచాక బేస్ ఎంత మందం మిగులుతుంది (పోసినప్పుడు కాదు, గట్టిపరచాక), అంచు కెర్బ్ ఉందా, జాయింట్లు ఎన్ని, మట్టి ఎవరు ఎత్తిపోస్తారు, ఇవన్నీ రాయించుకోండి. రాయడానికి ఇష్టపడని మనిషి తక్కువ రేటు ఇచ్చినా వద్దు.

పై పొర వేసేలోపు దారికి అడ్డంగా ఒకటి రెండు చోట్ల ఖాళీ పీవీసీ పైపులు పాతించి రెండు చివర్లా మూతలు పెట్టించండి. రేపు గేటు మోటారుకో, ఎలక్ట్రిక్ కారు ఛార్జర్‌కో, తోట నీళ్లకో వైరో పైపో లాగాల్సి వస్తే తవ్వే పని ఉండదు, ఖర్చు చూస్తే ఏమీ కాదు. దారిలో డ్రైనేజీ చాంబర్ ఉంటే దాని మూత మనిషి నడకకి చేసింది కాకుండా కారు బరువుకి తగ్గదై ఉండాలి. ఇల్లు ఇంకా కడుతున్నారంటే దారి పని అన్నిటికంటే చివరికి పెట్టుకోండి, 6 క్యూబిక్ మీటర్ల రెడీమిక్స్ లారీలో కాంక్రీటే 14 టన్నులుంటుంది, అది ఒక్కసారి ఎక్కితే కొత్త పేవర్స్ గతి ఏంటో చెప్పక్కర్లేదు.

చివరి విడత డబ్బు ఇచ్చే ముందు ఇంటి వైపు నుంచి హోస్ పైపుతో ఓ పావుగంట నీళ్లు వదలండి. నీళ్లు ఆపేసిన పది నిమిషాల తర్వాత కూడా ఎక్కడైనా గుంటలా నీళ్లు నిలబడి ఉంటే చాక్‌పీస్‌తో చుట్టూ గీసి, ఫొటో తీసి, అది సరిచేశాకే లెక్క ముగించండి.